ఈ ఫైలు ఓపెన్ చేయొచ్చా? అనుమానపు ఫైళ్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాకు కంప్యూటర్ సర్వీసు, డీటీపీ షాపు ఉంది. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల సిస్టమ్‌లు, స్కూళ్ల కంప్యూటర్లు, టంగుటూరు వైపు నుంచి వచ్చే పొగాకు రైతుల ఫోన్లు అన్నీ నా బల్ల మీదకే వస్తాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫైలు తెరిచేసి, ఏదో తేడా కొట్టాక పరిగెత్తుకొచ్చినవాళ్లే. తెరవకముందు "అన్నా, ఇది ఓపెన్ చేయమంటావా?" అని అడిగేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందికి ఇన్నేళ్లుగా చెప్తున్నవే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పినవాటికి డబ్బు కట్టక్కర్లేదు.

ఫైలు మీద అనుమానం వచ్చింది. ముందు ఏం చేయాలి?

తెరవకండి. డిలీట్ కూడా అప్పుడే చేయకండి, పరీక్షించడానికి అది కావాలి. పంపినవాళ్ల నంబరు మీ దగ్గర ముందునుంచీ ఉంటే ఫోన్ చేసి "మీరేనా పంపింది?" అని అడగండి. మెయిల్లో ఇచ్చిన నంబరుకి మాత్రం చేయొద్దు, అది మోసగాడిదే కావచ్చు.

తర్వాత ఫైలు అసలు పేరు చూడండి. విండోస్ మామూలుగా పేరు చివరి భాగాన్ని, అంటే ఎక్స్‌టెన్షన్‌ని, దాచిపెడుతుంది. అందుకే "ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అనే ఫైలు మన కంటికి "ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్" లాగే కనబడుతుంది. బొమ్మ కూడా ఎర్రటి పీడీఎఫ్ బొమ్మే పెడతారు. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్ పెట్టండి. నా దగ్గరకి వచ్చే ప్రతి సిస్టమ్‌కీ నేను చేసే మొదటి పని ఇదే.

బిల్లో, ఫొటోనో, కొటేషనో అని చెప్పి వచ్చిన ఫైలు చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, జేఎస్, వీబీఎస్, హెచ్‌టీఏ, ఎల్ఎన్‌కే, ఐఎస్ఓ లాంటివి ఉంటే అది మోసమే, ఇక అనుమానమే అక్కర్లేదు. బిల్లు ఏనాడూ ఈఎక్స్ఈలో రాదు.

అందరూ వైరస్‌టోటల్ అంటారు. అదేంటి?

స్పెయిన్‌లోని మాలగా ఊళ్లో ఒక చిన్న కంపెనీ 2004లో మొదలుపెట్టిన సైటు. 2012లో గూగుల్ కొనుక్కుంది. మీ కంప్యూటర్లో యాంటీవైరస్ ఒక్కటే ఉంటుంది. ఇక్కడ మీ ఫైల్ని 70 దాకా యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి, ఎవరి మాట వాళ్లు చెప్తాయి. లింకుల్ని కూడా పరీక్షించుకోవచ్చు. అకౌంట్ అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్లోనూ పనిచేస్తుంది, 650 ఎంబీ దాకా ఫైలు తీసుకుంటుంది.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. జోటీ చాలా ఏళ్లుగా నడుస్తున్న సాదా సైటు, ఒకేసారి ఐదు ఫైళ్లు ఇవ్వొచ్చు. మెటాడిఫెండర్ క్లౌడ్ ఇంకొకటి. నేను మాత్రం వైరస్‌టోటల్‌తోనే మొదలుపెడతాను. వీటి పేర్లు అడ్రస్ బార్‌లో మీరే టైప్ చేయండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనలు నొక్కితే అవే పేర్లతో ఉన్న నకిలీ సైట్లకి పోయే ప్రమాదం ఉంది.

నేను ఎక్కించిన ఫైలు ఎవరి చేతికి పోతుంది?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

వైరస్‌టోటల్‌కి ఎక్కించిన ఫైలు అక్కడితో ఆగదు. యాంటీవైరస్ కంపెనీలకి పోతుంది. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకున్న సంస్థలు ఆ ఫైల్ని దించుకోగలవు. కొత్త వైరస్‌లు పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది, అందులో తప్పేం లేదు. కానీ మీరు ఎక్కించింది వైరస్ కాక, మీ నాన్నగారి పట్టాదారు పాస్‌బుక్ స్కానో, కూతురి ఆధార్ కార్డో అయితే? ఆ కాగితం ఎవరెవరు చూస్తారో మీ చేతుల్లో ఉండదు.

ఈ పొరపాటు నేనే చేశాను. ఒక ఆఫీసు వాళ్లు ఎక్సెల్ ఫైలు తెచ్చి "తెరిస్తే ఏదో ఎనేబుల్ చేయమంటోంది, చూడన్నా" అన్నారు. నేను ఆలోచించకుండా ఎక్కించేశాను. రిపోర్టులో ఏమీ రాలేదు. తర్వాత తెలిసింది, అది వాళ్ల స్టాఫ్ జీతాల పట్టిక, బ్యాంకు ఖాతా నంబర్లతో సహా. వాళ్లకి ఫోన్ చేసి జరిగింది చెప్పుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఫైలు ఎక్కించేముందు ఇది ఎవరి కాగితమో అడిగి కనుక్కుంటున్నాను.

మరి ఫైలు ఇవ్వకుండా పరీక్షించే దారి ఉందా?

ఉంది, హ్యాష్. ఫైలుకి వేలిముద్ర లాంటిది అనుకోండి. ఎస్‌హెచ్‌ఏ 256 అనే లెక్క ప్రకారం ఎంత పెద్ద ఫైలైనా 64 అక్షరాల వరుసగా మారుతుంది. అందులో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఫైల్లో ఒక్క కామా మార్చినా వరుస మొత్తం మారిపోతుంది. వేలిముద్ర చూసి మనిషి మొహం గీయలేనట్టే, ఈ వరుస చూసి ఫైల్లో ఏముందో ఎవరూ చెప్పలేరు.

సెవెన్ జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే పని సులువు. ఫైలు మీద రైట్ క్లిక్ చేయాలి, తెరవకూడదు. విండోస్ 11లో అయితే షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి. సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అన్నచోట ఎస్‌హెచ్‌ఏ 256 ఎంచుకుంటే చిన్న పెట్టెలో ఆ వరుస వస్తుంది. దాన్ని కాపీ చేసి వైరస్‌టోటల్‌లో సెర్చ్ అన్న ట్యాబ్‌లో వేయండి. ప్రపంచంలో ఎవరైనా అంతకుముందు అదే ఫైలు ఎక్కించి ఉంటే రిపోర్టు మొత్తం వస్తుంది. మీ ఫైలు మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

ఏమీ దొరకలేదని వస్తే మంచి ఫైలని అర్థం కాదు, ఆ ఫైల్ని అక్కడ ఎవరూ ఎక్కించలేదని మాత్రమే. మీ సొంత కాగితమైతే అలా రావడమే సహజం. వేలమందికి ఒకేలా వెళ్లాల్సిన ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ అయ్యుండి దొరకలేదంటే మాత్రం జాగ్రత్త పడాలి.

70లో సున్నా వచ్చింది, అంటే ఏ యాంటీవైరసూ తప్పు పట్టలేదు. ఇక తెరవొచ్చు కదా?

తొందరపడొద్దు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో జరిగింది చెప్తాను. బ్లాక్ గెలాక్సీ రాయి బయటి దేశాలకి పంపేవాళ్లకి రోజూ కొత్త కొత్త మెయిల్స్ వస్తుంటాయి. కొటేషన్లు, ఆర్డర్లు, బ్యాంకు స్లిప్పులు. మోసగాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం అకౌంటెంట్ ఫోన్ చేశాడు: "సార్, స్లాబుల ఆర్డర్లో సైజులు మార్చామని మెయిలొచ్చింది, పార్టీ పేరు మనవాళ్లదే, ఫైలు మాత్రం తేడాగా ఉంది." చూస్తే కంప్రెస్ చేసిన ఫైలు, దాని లోపల పీడీఎఫ్ బొమ్మతో ఈఎక్స్ఈ. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా.

హ్యాష్ వెతికితే ఏమీ లేదు. ఈఎక్స్ఈ కాబట్టి వాళ్ల సొంత కాగితమయ్యే అవకాశం లేదు, అందుకని ఎక్కించాను. నాలుగే నాలుగు ఎర్రగా వచ్చాయి, అంటే నాలుగు యాంటీవైరస్‌లే వైరస్ అన్నాయి. పేరున్న యాంటీవైరస్‌లు చాలావరకు పచ్చగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున అదే రిపోర్టు తెరిచి మళ్లీ పరీక్షించమని నొక్కితే ముప్పై దాటాయి. ఫైలు రాత్రికి రాత్రి మారలేదు. దాన్ని గుర్తుపట్టడం కంపెనీలు అప్పుడు నేర్చుకున్నాయి.

కొత్త ఫైలుకి మొదటి గంటల్లో వచ్చే సున్నాని నమ్మకూడదు అనేది అందుకే. రిపోర్టులో డీటెయిల్స్ ట్యాబ్‌లో ఆ ఫైలు అక్కడికి మొదటిసారి ఎప్పుడు వచ్చిందో ఉంటుంది. మూడేళ్ల కిందట వచ్చి ఇప్పటికీ సున్నా ఉన్న ఫైలు వేరు, ఇవాళ పొద్దున వచ్చి సున్నా ఉన్న ఫైలు వేరు. రెండోదైతే ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. ఒక రోజు ఆగితే పోయే ఆర్డర్ నేనింతవరకు చూడలేదు.

ఒకటో రెండో ఎర్రగా వచ్చాయి. వైరస్ ఉన్నట్టేనా?

కచ్చితంగా చెప్పలేం. మంచి ఫైల్ని పొరపాటున పట్టుకోవడం కూడా జరుగుతుంది. ముఖ్యంగా చిన్న ప్రోగ్రామర్లు రాసిన, డిజిటల్ సంతకం (తయారుచేసిన కంపెనీ ఎవరో చెప్పే ముద్ర) లేని సాఫ్ట్‌వేర్ల విషయంలో. అంకె ఒక్కటే చూడకుండా పక్కన రాసిన పేరు చదవండి. జెనరిక్, హ్యూరిస్టిక్ అని ఉంటే అది వాటి అంచనా. ట్రోజన్ (మంచి ఫైలు వేషంలో వచ్చే వైరస్), స్టీలర్ (పాస్‌వర్డ్‌లు దొంగిలించేది) అని నాలుగైదు యాంటీవైరస్‌లు ఒకే వైరస్ కుటుంబం పేరు చెప్తుంటే అంచనా కాదు, పట్టుకున్నట్టే. పీయూఏ, యాడ్‌వేర్ అంటే అక్కర్లేని ప్రకటనల సరుకు, ప్రాణాంతకం కాదు గానీ ఇంట్లోకి రానివ్వాల్సిన పని లేదు.

అదే డీటెయిల్స్‌లో సంతకం ఎవరిదో చూడండి. పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ అని చెప్పి, సంతకం లేకపోయినా, ఉన్నది చెల్లదని వచ్చినా పక్కన పెట్టేయండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్ అన్నిట్లోనూ వైరస్ అనే చూపిస్తారు, అది మామూలే అంటారు. నిజమా?

డబ్బు కట్టి వాడాల్సిన సాఫ్ట్‌వేర్ తాళం విరగ్గొట్టేదాన్ని క్రాక్ అంటారు. డీటీపీ షాపుల్లో ఈ మాట రోజూ వింటాను. "డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి యూఎస్‌బీలో పెట్టే తాళం) పోయింది, క్రాక్ దొరికితే చాలు, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేస్తా" అంటారు. క్రాక్‌ని యాంటీవైరస్‌లు హ్యాక్‌టూల్ (తాళాలు విరగ్గొట్టే పనిముట్టు) అని గుర్తించడం నిజమే. ఆ మాట అందరికీ తెలుసు కాబట్టే దొంగలు అసలైన వైరస్‌ని క్రాక్ పేరుతో పంపుతారు. ఎర్రగా వచ్చినా మనం పట్టించుకోమని వాళ్లకి తెలుసు. యాంటీవైరస్ ఆపమని, ఫోల్డర్‌ని స్కాన్ నుంచి తప్పించమని సూచనలు కూడా వాళ్లే రాసి పెడతారు.

ఇలా దిగేవాటిలో ఎక్కువ బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్లు ఊడ్చుకుపోయే రకం. దాని పని నిమిషాల్లో అయిపోతుంది, తెర మీద ఏమీ కనబడదు. పెళ్లి పత్రికలు కొట్టే సిస్టమ్‌లోనే బ్యాంకు లాగిన్ కూడా ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. క్రాక్ విషయంలో వీటిలో ఏ సైటూ మీకు గట్టి భరోసా ఇవ్వలేదు. నేను ఎవరికీ వేయడం మానేశాను. తెలుగు టైపింగ్ ఒక్కటే కావాలంటే యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా బోలెడు ఉన్నాయి.

శాండ్‌బాక్స్ అంటే?

ఫైల్ని మన కంప్యూటర్లో కాకుండా వేరేచోట, పాడైనా పర్వాలేని కంప్యూటర్లో తెరిచి, అది ఏం చేస్తోందో చూడటం. యాంటీవైరస్ మొహం చూసి చెప్తుంది, శాండ్‌బాక్స్ నడత చూసి చెప్తుంది.

హైబ్రిడ్ అనాలిసిస్ సైటు ఉచితం. ఫైలు ఇస్తే లోపల నడిపి, ఏ ఫైళ్లు సృష్టించింది, నెట్‌లో ఏ సర్వర్‌తో మాట్లాడింది, తెర మీద ఏం కనబడింది అన్నీ రిపోర్టుగా ఇస్తుంది. తెర ఫొటోలు ముందు చూడండి, నూటికి సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఎనీ డాట్ రన్ అనే దాంట్లో మీరే మౌస్ కదిలిస్తూ ఆ దూరపు కంప్యూటర్లో ఫైల్ని తెరిచి చూడొచ్చు. దానికి అకౌంట్ కావాలి, ఉచిత అకౌంట్‌లో చేసిన పరీక్ష ప్రపంచమంతా చూస్తుంది. జో శాండ్‌బాక్స్, ట్రయాజ్ కూడా ఇదే పని చేస్తాయి. సొంత కాగితాలు ఎక్కించకూడదన్న నియమం ఇక్కడా అంతే.

కొన్ని వైరస్‌లు శాండ్‌బాక్స్‌ని పసిగడతాయి. మౌస్ కదలకపోయినా, సిస్టమ్‌లో ప్రాసెసర్ కోర్లు మరీ తక్కువున్నా బుద్ధిమంతుడిలా ఊరుకుంటాయి. కొన్ని కావాలనే చాలాసేపు నిద్రపోతాయి. కాబట్టి "ఏమీ చేయలేదు" అన్న రిపోర్టుని కూడా సగమే నమ్మండి.

నా కంప్యూటర్లోనే అలా వేరుగా తెరవొచ్చా?

విండోస్ ప్రో ఉంటే అందులోనే విండోస్ శాండ్‌బాక్స్ ఉంది, 2019 నుంచి ఇస్తున్నారు. విండోస్ ఫీచర్స్‌లో ఆన్ చేసుకోవాలి. కిటికీ మూసేస్తే లోపల జరిగిందంతా చెరిగిపోతుంది. హోమ్ ఎడిషన్లో ఉండదు. దానికి నెట్ మామూలుగా అందుతూనే ఉంటుంది, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా సిస్టమ్‌ల దాకా పోగలదు. అలవాటు లేనివాళ్లు సైట్లతోనే సరిపెట్టుకోవడం మేలు.

వాట్సాప్‌లో పెళ్లి పత్రిక ఏపీకే ఫైలుగా వచ్చింది. చూడొచ్చా?

వద్దు. ముహూర్తాలు మొదలైతే నా దగ్గరకి ఈ ఫోన్లే వరుసకడతాయి. పెళ్లి పత్రిక ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, వీడియోగా వస్తుంది. ఏపీకే అంటే యాప్. పత్రిక చూపించడానికి మీ ఫోన్లో యాప్ ఎక్కాల్సిన పని లేదు. బండి చలానా, పీఎం కిసాన్ డబ్బు, బ్యాంకు కేవైసీ, కరెంటు బిల్లు పేర్లతో వచ్చే ఏపీకేలు కూడా ఇదే బాపతు. ఈ ఫైల్ని తరచుగా మన బాబాయో, బడిలో చదువుకున్న ఫ్రెండో పంపుతాడు. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంది, దాన్నుంచి అందరికీ పోతోంది. "మనవాళ్లే కదా పంపింది" అన్న ధైర్యమే కొంప ముంచుతోంది.

ఫైలు ఫోన్లోకి దిగినంత మాత్రాన కంగారు లేదు, ఇన్‌స్టాల్ నొక్కితేనే ప్రమాదం. నొక్కకుండా, బ్రౌజర్లో వైరస్‌టోటల్ తెరిచి, చూజ్ ఫైల్ నొక్కి ఆ ఏపీకేని ఎంచుకోండి. రిపోర్టు డీటెయిల్స్‌లో ఆ యాప్ అడిగే అనుమతుల పట్టిక ఉంటుంది. ఎస్ఎమ్ఎస్ చదవడం, ఎస్ఎమ్ఎస్ అందుకోవడం అని కనబడితే మీ ఓటీపీల కోసం వచ్చిందన్నమాట. యాక్సెసిబిలిటీ అని ఉంటే ఇంకా ఘోరం, మీ తెర మీద ఉన్నదంతా చదివి, మీ బదులు అదే నొక్కగలదు.

కొన్ని తెలివిగా చేస్తున్నారు. మొదటి యాప్‌లో ఏమీ ఉండదు, అనుమతులూ తక్కువే. ఇన్‌స్టాల్ అయ్యాక "అప్‌డేట్ చేయండి" అని అసలు దాన్ని దించుతుంది. ఏపీకేకి మంచి రిపోర్టు వచ్చినా ఇన్‌స్టాల్ చేయొద్దని నేను గట్టిగా చెప్పేది దీనివల్లే. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లోంచి తీసుకోండి, ఫోన్లోని యాప్‌లని పరీక్షించే ప్లే ప్రొటెక్ట్‌ని ఎవరు చెప్పినా ఆపకండి.

ఫైలు కాదు, లింకు వచ్చింది.

యూఆర్ఎల్ స్కాన్ డాట్ ఐఓలో వేయండి. ఆ సైటే వెళ్లి పేజీని తెరిచి, ఫొటో తీసి చూపిస్తుంది. లింకు మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి ఉంచితే కాపీ అని వస్తుంది, జారి ఓపెన్ అవకుండా చూసుకోండి. అక్కడ పబ్లిక్, అన్‌లిస్టెడ్, ప్రైవేట్ అని మూడు ఉంటాయి. పబ్లిక్‌గా చేస్తే మీ లింకు అందరికీ కనబడుతుంది, కాబట్టి పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు, మీ పేరుతో వచ్చిన డాక్యుమెంట్ల లింకులు వేయకండి.

జిప్‌కి పాస్‌వర్డ్ ఉంది, పాస్‌వర్డ్ కూడా మెయిల్లోనే ఇచ్చారు.

తాళం వేసిన పెట్టెలోకి స్కానర్ చూడలేదు, మెయిల్ కంపెనీ కూడా చూడలేదు. తాళం వేసింది అందుకే అయ్యుండొచ్చు. పెట్టె మీద వచ్చిన సున్నాకి అర్థం లేదు. విప్పితే వైరస్ నడవదు, విప్పాక లోపలి ఫైల్ని డబుల్ క్లిక్ చేస్తేనే నడుస్తుంది. విప్పి, లోపలి ఫైలు హ్యాష్ తీసి వెతకండి. చేయి జారుతుందేమో అని టెన్షన్ ఉంటే విప్పకుండా పంపినవాళ్లకి ఫోన్ చేయడమే మంచిది.

తెరిచేశాను. ఇప్పుడెలా?

ముందు నెట్ తీసేయండి. కంప్యూటరైతే వైఫై ఆపి కేబుల్ పీకండి, ఫోనైతే ఏరోప్లేన్ మోడ్. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి, దేశమంతటికీ ఒకటే నంబరు. దొంగ ఖాతాలో డబ్బు ఇంకా ఉండగానే ఆపగలిగితే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. "సాయంత్రం అబ్బాయి వచ్చాక చేద్దాం" అని ఆగినవాళ్లని చూశాను, అప్పటికి డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోయింది.

పాస్‌వర్డ్‌లు మార్చండి, కానీ ఆ పాడైన సిస్టమ్‌లోంచి కాదు, వేరేదాంట్లోంచి. అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ అనే ఆప్షన్ కూడా నొక్కండి. దొంగిలించిన లాగిన్ ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలరు. ఫోన్లో యాప్ తీసేయబోతే కుదరకపోతే, ముందు యాక్సెసిబిలిటీ, డివైజ్ అడ్మిన్ అనుమతులు తీసేసి తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మీ కాల్స్ వేరే నంబరుకి మళ్లించి ఉండొచ్చు, ఆ మళ్లింపులన్నీ రద్దవడానికి ##002# డయల్ చేయండి. దీనికి సిగ్నల్ కావాలి కాబట్టి యాప్ పోయాకే.

కంప్యూటర్ శుభ్రం చేయడానికి విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ మంచిది. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా ఉచితమే, దించుకున్న పది రోజులకి గడువు తీరుతుంది కాబట్టి ప్రతిసారీ కొత్తది దించాలి. మన కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. అయినా బ్యాంకు పని జరిగే సిస్టమ్ అయితే, ఫైళ్లు బ్యాకప్ తీసి విండోస్ మళ్లీ వేయమనే నేను చెప్తాను.

అనుమానపు ఫైల్ని మీకు ఫార్వర్డ్ చేయొచ్చా?

ఫైలు పంపకండి. మీరు నాకు పంపబోయి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తే అత్తయ్యో పెద్దనాన్నో నొక్కేస్తారు, కందుకూరులో ఒకాయన ఇంట్లో అలాగే జరిగింది. పెన్ డ్రైవ్‌లో తేవడం కూడా వద్దు. పైన చెప్పినట్టు హ్యాష్ తీసి ఆ 64 అక్షరాలు, ఫైలు పూర్తి పేరు, అది ఎవరి నుంచి ఏ టైముకి వచ్చిందో మెసేజ్‌లో పెట్టండి. హ్యాష్ తీయడం రాకపోతే మెయిల్ తెరిచి ఉన్న తెర ఫొటో పంపండి. చాలాసార్లు ఆ ఫొటోలో పంపినవాళ్ల ఐడీ చూస్తేనే తేలిపోతుంది.